ఎవాల్డ్ మాంసం మాడ్చిన రోజు

మా లూథరన్ చర్చి క్యాంపులో మొదటి రోజే అందరి గడియారాలూ ఫోన్లూ ఒక పాత బిస్కెట్ల డబ్బాలో వేయిస్తాం. దక్షిణ ఆస్ట్రేలియాలో, ఫ్లిండర్స్ కొండల్లో ఒక ఎండిన వాగు పక్కన మూడు రోజులపాటు మగాళ్లకీ మగపిల్లలకీ వేళ చెప్పేవి రెండే: సూర్యుడు, నా గంట. గంట కొట్టే పని పద్నాలుగేళ్లుగా నాది. వంట పని ముప్ఫై మూడేళ్లుగా ఎవాల్డ్ నోస్కేది.

ఎవాల్డ్‌కి యుడండా ఊరి దగ్గర గోధుమ పొలం ఉంది. భార్య ఐరిస్ పోయి ఆరేళ్లు. ఆదివారం చర్చిలో చివరి బల్ల మీద ఒక్కడే కూర్చుని, ఐరిస్ కూర్చునే చోట తన టోపీ పెడతాడు. వడ్డనలో ఆయన చేతికి ఎముక లేదు. మాటల దగ్గర మాత్రం పరమ పిసినారి. "చలిగా ఉంది" అన్నాడంటే ఆ పూటకి మాటలైపోయినట్టే. అలాంటి మనుషులంటే నాకు ఒళ్లు మంట. మా నాన్నా అంతే.

శనివారం మాకు ముఖ్యం. పొద్దున తినగానే ప్రతి తండ్రీ కొడుకుని తీసుకుని వాగులో ఒక వంపు చూసుకుని కూర్చుంటాడు. చాలాసేపు మౌనం. తర్వాత కొడుకు తలమీద చెయ్యి పెట్టి, ఆ ఏడాది వాడిలో చూసిన మంచి ఒకటి చెప్పి దీవిస్తాడు. గంట మోగేదాకా ఎవరూ లేవకూడదు. వంటవాడికి మాత్రం మినహాయింపు.

ఆ మినహాయింపే ఎవాల్డ్ కొంప ముంచింది. కొడుకు డారెన్‌ని తొమ్మిదేళ్లప్పుడు మొదటిసారి క్యాంపుకి తెచ్చాడు. ఆ శనివారం వంటాయనకి జ్వరం వచ్చి గరిటె ఎవాల్డ్ చేతికొచ్చింది. "నువ్వెళ్లి వాగులో ఆ చదునైన రాయి మీద కూర్చోరా, మాంసం పొయ్యెక్కించి వచ్చేస్తా" అని పిల్లాణ్ణి పంపాడు. తను వెళ్లనే లేదు. ఈ సంగతి నాకు ఒకే ఒక్కసారి, బంగాళాదుంపలు చెక్కు తీస్తూ చెప్పాడు.

"ఐదు నిమిషాలు దొరకలేదా బాబాయ్?" అన్నాను.

"నలభై మందికి వంటయ్యా."

"ఆ కబుర్లు నాకు చెప్పకు."

చేతిలో దుంపని అటూ ఇటూ తిప్పాడు. "ఏం చెప్పాలో తెలియలేదు. మా నాన్న నాకేం చెప్పలేదుగా."

గంట మోగాక డారెన్ పళ్లెం పట్టుకుని వరసలో వచ్చాడట. ఎవాల్డ్ వాడికి ఒక ముక్క ఎక్కువ వేశాడు. దాంతో సరిపోయిందనుకున్నాడు, పిచ్చి మనిషి. మరుసటి ఏడు పిల్లాడు రానన్నాడు. పెద్దయ్యాక అడిలైడ్‌లో స్థిరపడ్డాడు. క్రిస్మస్‌కి ఫోను చేస్తాడు, అంతే. ఎవాల్డ్ మాత్రం ఏటా వచ్చి ఊరందరి కొడుకులకీ వండిపెట్టాడు.

మొన్న జూలై చలికాలం క్యాంపుకి డారెన్ వచ్చాడు. వెంట తన కొడుకు ఫ్లిన్. వాడికీ తొమ్మిదే.

"బాగున్నావా నాన్నా?"

"ఆఁ. చలిగా ఉంది."

ఆ రాత్రి కూడా మాట అంతకుమించి కదల్లేదు. శనివారం పొద్దున నేనుండబట్టలేక ఎవాల్డ్ దగ్గరికి వెళ్లాను. "ఇవాళైనా నోరు విప్పు బాబాయ్. వాడు మళ్లీ వస్తాడన్న నమ్మకమేంటి?"

"మాంసం చూసుకోవాలి."

"నీ మాంసం తగలెయ్య!" అనేసి వచ్చేశాను.

మా అబ్బాయి పెద్దవాడై రావడం మానేశాడు. అందుకని ఆ వేళంతా గంట దగ్గర జామాయిల్ చెట్టు కింద ఒక్కణ్ణే ఉంటాను. అక్కణ్ణుంచి వాగంతా కనిపిస్తుంది. దూరపు వంపులో డారెన్ ఫ్లిన్ తలమీద చెయ్యి పెట్టాడు. ఎవాల్డ్ ఇనప కుండల మూతల మీద నిప్పులు పేర్చి, చేతులు తుడుచుకుని, ఆ చదునైన రాయి దగ్గరికి నడిచాడు. కూర్చుని టోపీ ఒళ్లో పెట్టుకున్నాడు. పక్కన చోటు ఖాళీగా వదిలాడు.

సూర్యుడు నడినెత్తికి వచ్చాడు, గంట కొట్టే వేళైంది. గంట కొడితే ఎవాల్డ్ అలవాటు కొద్దీ కుండల దగ్గరికి పరిగెత్తుతాడని నా భయం. కొట్టలేదు. మాడు వాసన వాగంతా పాకింది. "ఏమయ్యా, చచ్చావా బతికావా?" అని ఎవరో నన్ను కేకేశారు. ఆఖరికి వాసన పట్టుకునే ఒక్కొక్కరూ లేచారు.

డారెన్ ఫ్లిన్‌ని ముందు పంపి, రాయి దగ్గర ఆగాడు.

"నాన్నా, మాంసం మాడిపోతోంది."

"మాడనీ."

ఆ ఒక్క మాటకి ముప్ఫై మూడేళ్లు పట్టింది. ఎవాల్డ్ చెయ్యి పైకి లేచింది. నిలబడ్డ మనిషి తలదాకా అందక గాలిలో కాసేపు ఆగింది. డారెన్ దాని వంక చూశాడు. వంగలేదు. వాడి మాట నాకు గంట దగ్గరిదాకా వినిపించింది.

"నువ్వు కూర్చో నాన్నా. కుండలు దించి వచ్చేస్తా."

నేను గంట కొట్టాను. డారెన్ కుండలు దించాడు, అడుగు గీకాడు, నలభై మందికీ వరసగా వడ్డించాడు. వరస అయిపోయాక కూడా గరిటె పట్టుకుని అక్కడే నిలబడ్డాడు. వెళ్లరా, వెళ్లు అని లోపల అరుస్తూనే ఉన్నాను. రాయి మీద ఎవాల్డ్ చిన్నపిల్లాడిలా బుద్ధిగా కూర్చున్నాడు.

చివరికి ఫ్లిన్ ఒక పళ్లెం పట్టుకుని వాగులోకి దిగాడు.

"తాతా, నాన్న నీకో ముక్క ఎక్కువ వేశాడు."

ఎవాల్డ్ పళ్లెం అందుకున్నాడు. మాడిన ముక్కలన్నీ, ఒక్కటీ వదలకుండా తిన్నాడు.