నర్సయ్యకు వినిపించిన మగ్గం

చనిపోయినవాళ్లు తిరిగి వస్తారని నేను ఏనాడూ నమ్మలేదు. నా భర్త పోయాక కూడా నమ్మలేదు. నమ్మి ఉంటే కొంత సులువుగా ఉండేదేమో. ఇది ఎవరినీ నమ్మించడానికి రాయడం లేదు. జరిగింది జరిగినట్టు ఒకచోట పెట్టాలనిపించింది, అంతే.

మాది షోలాపూర్, కుంఠా నాకా దగ్గర. మా గల్లీలో పొద్దస్తమానం పవర్లూముల చప్పుడే. వాకిట్లో నిలబడి మాట్లాడుకోవడం కష్టం. నేను తెలుగు బడిలో భూగోళం చెప్పి రిటైరయ్యాను. నా భర్త, ఆయన తమ్ముడు నర్సయ్య నాకు తెలిసిన నాటి నుంచీ పవర్లూముల మీదే పనిచేశారు. ఆ పని నర్సయ్య చెవులు తీసుకుంది. నరం చచ్చిపోయిందని, మిషన్ పెట్టినా లాభం లేదని చెవి డాక్టరు చెప్పాడు. పక్కనే కుక్కర్ కూసినా అతనికి వినిపించదు. పెదవులు చూసి మాట పట్టుకుంటాడు.

నా భర్త పోయే ముందు నన్ను ఒకటే అడిగారు. అస్థికలు చంద్రభాగ నదిలో కలపమన్నారు. ఒక పిడికెడు బూడిద మాత్రం తెలంగాణలో వాళ్ల తాత ఊరికి తీసుకెళ్లి, తాత మగ్గం గుంటలో వెయ్యమన్నారు. తాత ఆ గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చుని నేసేవాడు. కరువొచ్చినప్పుడు మగ్గం విప్పి బండిలో వేసుకుని షోలాపూర్ చేరాడు. మగ్గం వచ్చింది, గుంట అక్కడే ఉండిపోయింది. ఆ ఊరు నా భర్త ఎన్నడూ చూడలేదు. ఎందుకలా అడిగారో నేను అడగలేదు. సరే అన్నాను.

షోలాపూర్‌లో మన తెలుగువాళ్ల ఇల్లు ఏది కావాలన్నా ఇంటిపేరు చెప్తే చాలు, గల్లీ మొదట్లోనే ఎవరో ఒకరు చూపిస్తారు. నేనూ నర్సయ్యా ఆ ధైర్యంతోనే బయల్దేరాం. ఇంటిపేరు చెప్పుకోవడానికి అక్కడ మనుషులు ఉండాలి కదా అన్నది ఇద్దరికీ తోచలేదు.

మండల కేంద్రం దాటాక బస్సులో మాతోపాటు మిగిలింది కొద్దిమందే. రోడ్డుకు రెండు వైపులా ఎర్రనేల, గుండ్రాళ్ల గుట్టలు, మోదుగ చెట్లు. ఊరికీ ఊరికీ మధ్య చాలా దూరం. ఊరని బోర్డు ఉన్నచోట ఒకటో రెండో ఇళ్లకు మాత్రమే తలుపులు తీసి ఉన్నాయి. పిల్లలు లేక బడి మూసేశారు. జనసాంద్రత అంటే ఏమిటో నేను ఎన్నో ఏళ్లు బోర్డు మీద చుక్కలు పెట్టి చెప్పాను. చుక్కలు లేని చోటు ఎలా ఉంటుందో ఆ రోజే చూశాను.

మేం దిగిన ఊరి పేరు రాయను. మా గల్లీలో ఒక్క వరసలో ఉన్నంత మంది కూడా అక్కడ లేరు. దిగగానే నర్సయ్య రోడ్డు మధ్యలో నిలబడిపోయాడు. వెనక బస్సు హారన్ కొడుతూనే ఉంది. నేను చెయ్యి పట్టి లాగితే తప్ప పక్కకు రాలేదు. ఈ సంగతి గుర్తుపెట్టుకోమని చదివేవాళ్లను అడుగుతున్నాను.

మొదటి ఇంటి ముందు ఒక ముసలమ్మ సీతాఫలాలు ఏరుతోంది. మేం ఎందుకొచ్చామో చెప్పాను.

"షోలాపురమా? ఊరందర్ని మింగి కూసున్నది గదా మీ షోలాపురం," అని నవ్వింది. "సాలోళ్ల ఇండ్లు, మగ్గాలు గా గుట్ట కింద ఉంటుండె బిడ్డా. ఇప్పుడన్నీ మన్నైనయి. ఏది ఎవలదో నాకేం ఎరుక? నన్ను ఈ ఊరికి ఇచ్చేటాలకే సగం మంది వోయిండ్రు."

గుట్ట కిందికి వెళ్లాం. మట్టి దిబ్బలు, వాటి మీద ముళ్ల కంప. గోడలేవీ నిలిచి లేవు. తిరుగు బస్సు ఒక్కటే ఉంది, అది తప్పితే రాత్రి ఉండే చోటు లేదు. నేను అలసిపోయాను. ఆయన ఆఖరి మాట తీరదనీ, బూడిద దారిలో ఏదో ఒక వాగులో కలిపి వెళ్లిపోదామనీ నర్సయ్యకు చెప్పబోయాను.

అతను నా వైపు చూడడం లేదు. తల ఒక పక్కకు వంచి నిలబడ్డాడు.

"ఎవలో నేస్తున్నరు, వదినె."

అతని ముందుకెళ్లి నిలబడి, "ఇక్కడ ఎవరున్నారు నర్సయ్యా?" అన్నాను.

"ఖరే చెప్తున్న. చేమగ్గం. జరా ఆగు... పోగు తెగినట్టున్నది, అతుకుతున్నడు. ఆఁ, మల్ల షురువైంది."

అప్పుడు మిట్టమధ్యాహ్నం. నాకు గాలి తప్ప ఏమీ వినిపించలేదు. నర్సయ్య దిబ్బల మధ్య నుంచి నడుచుకుంటూ పోయాడు. రెండుసార్లు ఆగి విని, పక్కకు తిరిగాడు. చివరికి ఒక కంప ముందు ఆగి, కర్రతో దాన్ని పక్కకు నెట్టాడు. కింద గుంట ఉంది. సగం పూడిపోయింది. ఒక అంచున నల్లటి బండ లోపలికి పొడుచుకొచ్చి ఉంది.

ఆ బండ సంగతి మా మామగారు చెప్తుండేవారు. గుంట తవ్వుతుంటే బండ పడిందనీ, అది తొలవలేక తాత ఆ పక్కకు కాలు ముడుచుకునే నేసేవాడనీ. దారిలో నిలబడి చూస్తే ఆ బండ కనిపించదు. తర్వాత వెనక్కి వెళ్లి మరీ చూసుకున్నాను.

బూడిద వేసి, చేత్తో మన్ను కప్పాను. నర్సయ్య పక్కనే నిలబడ్డాడు. ఏడుస్తున్నాడు, కానీ నవ్వుతున్నట్టు కూడా ఉంది.

తిరుగు బస్సు అందుకున్నాం. తర్వాత అతని మోచెయ్యి తట్టి, ఆ చప్పుడు ఎప్పుడు ఆగిందని అడిగాను.

"ఆగలే. మనం బస్సెక్కేదాక నడుస్తనే ఉండె." కిటికీ వైపు తిరిగి, మళ్లీ నా వైపు తిరిగాడు. "చెప్పాల్నా వద్దా అని చూస్తున్న. అది తాతది కాదు వదినె, అన్న చెయ్యి. మా ఇంట్ల చేమగ్గం ఉన్నప్పుడు పోగుకు రెండు దెబ్బలు కొడుతుండె, ఒకటి గట్టిగ, ఒకటి మెల్లగ. రెండోది ఎవని కోసంరా అని నాయిన తిడుతుండె."

మా పెళ్లయ్యేనాటికే ఇంట్లో ఆ మగ్గం లేదు. ఆయన చేమగ్గం నేయడం నేను ఎన్నడూ చూడలేదు, వినలేదు.

నరం చచ్చిన చెవుల్లో ఏవో చప్పుళ్లు మోగుతాయని డాక్టరు చెప్పాడు. మోగుతాయేమో. తండ్రి చెప్పిన బండ మాట నర్సయ్య మనసులో ఉండి ఉండొచ్చు. కానీ ఆ చప్పుడు మనిషిని కంపల్లోంచి నడిపించి, సరిగ్గా ఆ గుంట ముందు ఎలా నిలబెట్టిందో నేను చెప్పలేను. షోలాపూర్ వచ్చాక అతనికి మళ్లీ ఏదీ వినిపించలేదు.

ఇన్నాళ్లు కలిసి బతికినదాన్ని నేను. గుంట అంచున మోకాళ్ల మీద కూర్చుని, ఊపిరి బిగబట్టి విన్నాను. నా చెవులు బాగానే ఉన్నాయి. నాకెందుకు వినిపించలేదో నాకు ఇప్పటికీ తెలియదు.