తండా బడికి ఆకుపచ్చ రంగు

కరోనా సెలవులు ముగిసి బడులు మళ్లీ గాడిన పడ్డ రెండో ఏడాది జూన్‌లో తిరుమలగిరి వైపున్న ఒక ఉన్నత పాఠశాలకు గెజిటెడ్ ప్రధానోపాధ్యాయురాలిగా నాకు బదిలీ అయింది. పుట్టి పెరిగింది మిర్యాలగూడలో, కాపురం సూర్యాపేటలో. పొద్దున్నే బస్సెక్కి బడికి పోయి, సాయంత్రానికి ఇల్లు చేరేదాన్ని. పదవీ విరమణకు ముందు నా చివరి పోస్టింగ్ అదే.

ఆ బడి ఒక స్కూల్ కాంప్లెక్స్‌కు కేంద్రం. అంటే, చుట్టూ ఊళ్లలో, తండాల్లో ఉన్న ప్రాథమిక పాఠశాలలను పర్యవేక్షించే బాధ్యత కూడా ప్రధానోపాధ్యాయురాలిదే. ఆ టీచర్లతో సమావేశాలు జరపాలి, బడులకు వెళ్లి పిల్లల చదువు చూడాలి, చూసింది మండల విద్యాధికారికి నివేదించాలి. అంతకు మించి అధికారం ఏమీ ఉండదు.

సలోమి టీచర్ అలా నా పర్యవేక్షణలోకి వచ్చిన మనిషి. కోదాడ దగ్గరి క్రైస్తవ కుటుంబం, తండ్రి కూలి పని చేసి చదివించాడు. ఒక తండాలో ఇద్దరు టీచర్ల బడికి ఎస్జీటీగా, అంటే ప్రాథమిక తరగతులన్నీ చెప్పే ఉపాధ్యాయురాలిగా, చాలా ఏళ్ల నుంచి పనిచేస్తోంది. పిల్లలు ఇంట్లో లంబాడీ మాట్లాడతారు. తెలుగు మాట వాళ్లకు బడికొచ్చాకే చెవిన పడేది. అందుకని ఆమె తానే లంబాడీ నేర్చుకుంది. తెలుగులో ఒక వాక్యం చదివించి, ఆగి, దాన్ని లంబాడీలో చెప్పమనేది. చెప్పగలిగితే అర్థమైనట్టు. అప్పుడే తర్వాతి వాక్యం.

కొత్త పరికరాలంటే ఆమెకు భయం లేదు. తండాలో ముసలమ్మల చేత కథలు చెప్పించి ఫోన్‌లో రికార్డు చేసి, పిల్లలకు వినిపించి, వాటిని తెలుగులో రాయించేది. మా కాంప్లెక్స్‌లో డిజిటల్ పాఠం అన్న మాటకు తగ్గ పాఠం నేను మొదట చూసింది ఆమె తరగతిలోనే.

ఆ సంవత్సరమే చదవడాన్ని కొలిచే యాప్ వచ్చింది. సూర్యాపేటలో శిక్షణ పెట్టారు. పద్ధతి తేలిక. టీచర్ ఫోన్‌లో పిల్ల పేరు నొక్కితే తెర మీద ఒక పేరా వస్తుంది. పిల్ల ఒక నిమిషం చదవాలి. ఫోన్ వింటూ, సరిగా పలికిన పదాలను లెక్కించి రంగు ఇస్తుంది. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ. టీచర్ వేసే గ్రేడు ఇక అక్కర్లేదు. శిక్షణ ఇచ్చే రిసోర్స్ పర్సన్లు కూడా మాలాంటి టీచర్లే. వాళ్లకు పైవాళ్లు నేర్పింది మాకు నేర్పుతారు. సలోమి ముందు వరసలో కూర్చుని అన్నీ అడిగి తెలుసుకుంది. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో, "పిల్లలు చదివిందాన్ని మళ్లీ వాళ్లకే వినిపియ్యొచ్చు మేడం, బాగుంటది" అంది.

మొదటి పరీక్షలో ఆమె బడి మొత్తం ఎరుపు వచ్చింది.

ఎట్లా జరిగిందో చూద్దామని వెళ్లాను. మూడో తరగతి అమ్మాయి అనూషను నా ముందే మళ్లీ చదివించింది. పేరాలో ఒక మేక తాత తలపాగా కొస నోట పట్టుకుంటుంది. తాత చూసుకోకుండా నడుస్తూ పోతాడు, తలపాగా విప్పుకుంటూ పోతుంది. అక్కడికి రాగానే అనూష పకపకా నవ్వింది. అలవాటు ప్రకారం ఆగి, తాత సంగతంతా లంబాడీలో మాకు చెప్పింది. ఈలోగా నిమిషం అయిపోయింది. "చూసుకోలేదు" అని ఉన్నచోట "సూస్కోలే" అని చదివింది. ఫోన్ దాన్నీ తప్పుగానే లెక్కపెట్టింది. ఎరుపు.

నా ముప్పై ఏళ్లకు పైబడిన ఉద్యోగంలో ఒక చిన్నపిల్ల చదివి అంత హాయిగా నవ్వడం అరుదుగా చూశాను. ఉన్నదున్నట్టు నివేదిక రాసి పంపాను. మండల విద్యాధికారి మంచివాడే. చదివి ఫోన్ చేశాడు. "మీరు రాసింది నిజమే మేడం. కానీ సిస్టంల మార్చే ఆప్షన్ మనకు లేదు. ఎర్ర బడులకు మళ్లీ ట్రైనింగ్ అని మాత్రమే ఉంది" అన్నాడు. నేను జిల్లా కార్యాలయానికీ రాశాను. నా ఉత్తరాన్ని సాఫ్ట్‌వేర్ సంస్థకు పంపామని జవాబొచ్చింది. ఆ తర్వాత ఏమీ రాలేదు.

సలోమిని కోదాడలో మళ్లీ శిక్షణకు పంపారు. యాప్ ఎలా తెరవాలి, మైకు పిల్లకు ఎంత దగ్గర పెట్టాలి వంటివి మొదటి నుంచీ చెప్పారు. పర్యవేక్షకురాలి హోదాలో నేనూ వెళ్లాను. ఆమె లేచి నిలబడి అడిగింది. "పిల్ల నడుమ ఆగుతది సార్. ఆగితేనే దానికి అర్థమైతది. ఆగొద్దంటే ఎట్ల?"

రిసోర్స్ పర్సన్ కుర్రవాడు, మర్యాదగానే మాట్లాడాడు. "అర్థం చేసుకోవడం తర్వాతి ఫేజ్‌లో ఉందండీ మేడం. ఇప్పుడు మనకి వేగం ఒక్కటే. ఆపకుండా చదివించండి చాలు."

రెండో పరీక్షలోనూ ఎరుపే. ఈసారి రెండు జిల్లాలకు కలిపి మిర్యాలగూడలో శిక్షణ వేశారు. అక్కడా అదే పాఠం చెప్పారు. ఎర్ర బడుల పేర్లు టీచర్ల వాట్సాప్ గ్రూపులో పెట్టారు. ఆమె బడి పేరు పైనే ఉంది. ఆ మధ్యాహ్నం భోజనానికి నా పక్కన కూర్చుంది కానీ ముద్ద ఎత్తలేదు. "నాకు రానిదేందో చెప్తే నేర్చుకుంట మేడం. వచ్చిందాన్నే మళ్లీ మళ్లీ నేర్పుతున్నరు. నాకే డౌటొస్తంది, ఇన్నేండ్లు నేను సదువు చెప్పిన్నా, లేదా అని."

వాట్సాప్‌లో వచ్చింది తండాకు చేరకుండా ఉంటుందా? ఒక ప్రైవేటు బడి వాళ్లు దసరా తర్వాత తండా మొదట్లోకి వ్యాను పంపడం మొదలుపెట్టారు. అనూష తండ్రి పత్తి పని వదులుకుని బడికి వచ్చాడు. నేను అప్పుడు అక్కడే ఉన్నాను.

"మా పిల్లకు ఫోన్ల ఎర్రగ వచ్చిందట గద మేడం. సదువు రానట్టేనా?"

"మంచిగ చదువుతదన్నా. కూసో, చదివిస్త, నువ్వే విను" అంది సలోమి.

"నేనేం సదువుకున్న, వినడానికి? సర్కారు ఫోనే చెప్తంది గద. నీ మీద కోపం లేదమ్మా. పిల్ల ఖరాబైతదని పరేషాన్ అయితంది."

ఆ నెలలో కొందరు పిల్లలు వ్యాను ఎక్కారు. సంఖ్య ఇంకా తగ్గితే రెండో టీచర్ పోస్టు పోతుంది. తర్వాత బడి మూసేసే మాటే ఎత్తుతారు. సలోమి ఆ సంగతి నాకంటే బాగా ఎరుగును. ఒకరోజు ఫోన్ చేసి, "ఇగ ఫోనుకే నేర్పుత మేడం" అని మాత్రం అంది.

నేర్పింది. ఆమె ఏ పని చేసినా పూర్తిగా చేసే మనిషి. నవ్వొద్దంది, ఆగొద్దంది, లంబాడీ వద్దంది. తెలియని పదం వస్తే దాటేసి పొమ్మంది. ముసలమ్మల కథలకు కేటాయించిన పీరియడ్ కూడా దీనికే పోయింది. సంక్రాంతి సెలవుల తర్వాత జరిగిన పరీక్షలో బడి మొత్తం ఆకుపచ్చ వచ్చింది.

సూర్యాపేటలో సభ పెట్టి శాలువా కప్పారు. మా కాంప్లెక్స్ నుంచి వేదిక ఎక్కిన టీచర్ ఆమె ఒక్కతే. రెండుసార్లు మళ్లీ శిక్షణ ఇచ్చిన ఫలితం చూడండి అని వక్తలు చెప్పుకున్నారు. ఆమెను నాలుగు మాటలు మాట్లాడమన్నారు. మైకు ముందు నిలబడి, "పిల్లలు బాగ కష్టపడ్డరు" అని, దండం పెట్టి దిగిపోయింది. ఆమె తరగతిని వీడియో తీసి మిగతా బడులకు ఆదర్శ పాఠంగా చూపించాలని నిర్ణయించారు.

ఆ వారమే తండాకు వెళ్లాను. అనూష చదివింది. వాన పడి వాగు పొంగితే ఒక కుటుంబం గుట్ట మీదికి చేరిన కథ అది. ఊపిరి తీసుకోకుండా, అన్నీ ఒకే స్వరంలో, చుక్క దగ్గర కూడా ఆగకుండా చదివేసింది. ఒక్క అక్షరం తప్పు పోలేదు.

"వాళ్లు గుట్ట మీదికి ఎందుకు పోయిండ్రమ్మా?" అని అడిగాను.

అనూష నా వైపు, తన టీచర్ వైపు చూసింది. పుస్తకంలో చూసింది. అక్కడా దొరకలేదు. చిన్నగా, "గ్రీన్ వచ్చిందా మేడం?" అంది.

సలోమి కిటికీ వైపు తిరిగి నిలబడింది. నేను సందర్శన పుస్తకంలో ఏం రాయాలో తోచక కలం మూసేశాను.

ఆమె వీడియోను తర్వాత మా కాంప్లెక్స్ సమావేశంలోనే వేశారు. అధ్యక్షత నాదే. టీచర్లు శ్రద్ధగా రాసుకున్నారు. సలోమి వెనక బెంచీలో తల దించుకుని కూర్చుంది. వేసవిలో బదిలీలు వచ్చినప్పుడు ఆమె దరఖాస్తు పెట్టుకుని మఠంపల్లి వైపు వెళ్లిపోయింది. ఆకుపచ్చ వచ్చినా పిల్లలు నిలవలేదు. అనూష కూడా వ్యాను ఎక్కింది. నేను విరమించేనాటికి ఆ బడికి ఒక్క టీచరే మిగిలింది. ఆ యాప్‌ను కూడా పక్కన పెట్టి ఇంకొకటి తెచ్చారు, దానికీ శిక్షణ మొదలైంది.

ఈ వ్యవహారం నాకు నేర్పింది చెప్పాలంటే, కొలిచే పరికరం బడిలోకి వచ్చిన రోజునుంచి పాఠం దాని వైపు తిరుగుతుంది. మంచి టీచర్ అయితే ఇంకా త్వరగా తిరుగుతుంది, ఎందుకంటే పని చేతనైనవాళ్లకే దాన్ని తృప్తిపరచడం కూడా చేతనవుతుంది. దీన్ని ముందే చూసి చెప్పడానికే నా ఉద్యోగం ఉంది. చూశాను, రాసి పంపాను. నేను రాసింది నమోదు చేసుకునే గడి ఆ వ్యవస్థలో ఎక్కడా లేదు.