సాలమ్మ పేరు

నాలుగోసారీ ఆడపిల్లే పుట్టడంతో, ఇక చాలని తండ్రి పెట్టిన పేరు సాలమ్మ. గరిడేపల్లిలో నాట్లేసే ఆమె అన్నం దగ్గర కూడా ‘సాలు’ అనే మాట అనదు. పళ్లెం మీద చెయ్యి అడ్డం పెడుతుంది. మొన్న సూర్యాపేట దవాఖానలో కోడలికి రెండో ఆడపిల్ల పుట్టింది. కొడుకు ఉపేందర్ పసిదాన్ని ఎత్తుకుని, “దీనికి నీ పేరే పెడదామే అమ్మా, ఇగ సాలు!” అని నవ్వాడు. సాలమ్మ బిడ్డను తన చేతుల్లోకి తీసేసుకుంది.

“అది పేరు కాదురా, మా నాయిన నన్ను తిట్టిన తిట్టు! బతుకంత దానికే పలికిన. దీన్ని గట్ల పిలిస్తే నీ నాలుక కోస్త!”

వార్డంతా ఇటు తిరిగింది. ఉపేందర్ తల దించుకున్నాడు. ఆమె కోడలి వైపు చూసి, “నువ్వేం పేరనుకున్నవ్ బిడ్డా?” అని అడిగింది.

“దీవెన, అత్తమ్మా.”

కోపం ఇంకా తగ్గకుండానే, సాలమ్మ ఆ పేరును పసిదాని చెవిలో మూడుసార్లు, కొడుక్కి వినపడేలా పలికింది.