ఉదయశ్రీకి పోసిన అమ్మవారు

మాదాపూర్ పోచమ్మ గుడి సందులో, లచ్చమ్మ ఇంటి వెనక పోర్షన్లో ఉదయశ్రీ వాళ్లు అద్దెకు ఉండేవాళ్లు. తెనాలి మనిషి. మాట నెమ్మది, నడక నెమ్మది, పాలబ్బాయిని కూడా అండీ అనే పిలుస్తుంది. మొగుడు సోమేశ్వరరావు కరెంటాఫీసులో గుమాస్తా. పేపరు మొత్తం చదివే మనిషే గానీ, పెళ్లాం మొహంకేసి సరిగ్గా చూసి ఎన్నేళ్లయిందో ఆయనకే తెలియదు.

ఉదయశ్రీ ఒక కంప్యూటర్ కంపెనీలో రిసెప్షన్లో కూర్చునేది. వచ్చినవాళ్లకి నమస్కారం పెట్టి, ఫోన్లు కలపడం ఆవిడ పని. కంపెనీ అమీర్‌పేటలో ఇరుకు మేడ మీద ఉన్నన్నాళ్లూ ఆవిడ వయసు ఎవరికీ పట్టలేదు. హైటెక్ సిటీలో అద్దాల బిల్డింగులోకి మారాక చుట్టూ అందరూ పాతికేళ్లు దాటని పిల్లలే. ఒకరోజు టై కట్టుకున్న కుర్రాడొకడు ఎదురుగా నిలబడి, "ఆంటీ, రిసెప్షనిస్టు ఎక్కడికెళ్లారు?" అని అడిగాడు.

ఇప్పుడే వస్తారు, కూర్చోమంది. లోపలికి వెళ్లి మంచినీళ్లు తాగి వచ్చి, మళ్లీ అదే కుర్చీలో కూర్చుని, "చెప్పండి" అంది.

ఆ అవమానం మనసులో పెట్టుకునే కూకట్‌పల్లిలో అక్క ఇంటికి వెళ్లింది. అక్క కూతురు అశ్వినికి మొటిమలకని డాక్టరు ఒక క్రీము రాసిచ్చాడు. అది విటమిన్ ఎ మందనీ, రెటినాల్ జాతిదనీ, అమెరికాలో ఆడవాళ్లు ముడతలు పోవడానికి అదే రాసుకుంటారనీ ఆ పిల్ల చెప్పింది. శనగగింజంతే తియ్యాలి, రాత్రిళ్లే రాయాలి, పగలు మొహానికి ఎండ తగలనివ్వకూడదు అని కూడా చెప్పింది. ఉదయశ్రీ చెవి ముడతల దగ్గరే ఆగిపోయింది. వచ్చేదారిలో మందుల షాపులో ఒక ట్యూబు కొని, ఇంటికొచ్చి బియ్యం డబ్బాలో దాచింది.

కొంచెం రాస్తే కొంచెమే పనిచేస్తుందని మనవాళ్లకో నమ్మకం. స్నో పట్టించినట్టు మెడ దాకా పట్టించింది. అది చాలదన్నట్టు పొద్దున్నే శనగపిండిలో నిమ్మరసం కలిపి రుద్దేది. ఆపైన ఎండలో బస్సు కోసం నిలబడేది. చర్మం లాగుతుంటే ముడతలు బిగుస్తున్నాయనుకుంది. పొక్కులు లేస్తే లోపలి చెడు బయటికి పోతోందనుకుంది. చివరికి ఒక పొద్దున లేచేసరికి మొహం పండుమిరపకాయలా తయారైంది, బుగ్గలు పొట్టు రేగుతున్నాయి.

కొంగు కప్పుకుని కుళాయి దగ్గరికి వెళ్తే, బిందె పట్టుకున్న లచ్చమ్మ కొంగు పక్కకి తీసి చూసింది.

"గిదేంది ఉదయమ్మా, నీకు తల్లి పోసింది."

కాదని చెప్పాలంటే మరేంటో చెప్పాలి. ఈ వయసులో అందం కోసం క్రీములు రాసుకుందని సందంతా నవ్వుతుంది. ఉదయశ్రీ తల దించుకుంది. ఆ దించుకోవడాన్నే లచ్చమ్మ అవుననుకుంది.

ఇక చూడండి. గేటుకు వేపమండలు కట్టారు. రెండు పోర్షన్లలోనూ పోపు వాసన లేదు. లచ్చమ్మ మొగుడు మొగిలికి ముక్కా లేదు, కల్లూ లేదు. సోమేశ్వరరావు చాప తీసుకుని వసారాలోకి మారాడు. పాపం, అప్పుడే ఆయన పెళ్లాం మొహం చూశాడు, చూసి చేతులు జోడించాడు. ఉదయశ్రీకి ఆ చాపలో చుట్టుకుని ఎటైనా పోదామనిపించింది.

అంతటితో పోయేదే. కానీ ఆ ఆదివారం లచ్చమ్మ కూతురు స్వాతికి పూలు పండ్లు, అదే నిశ్చితార్థం, పెట్టుకున్నారు. శంకర్‌పల్లి నుంచి పిల్లవాడి తరఫువాళ్లు రావాలి. తల్లి ఉన్న ఇంట్లో శుభకార్యం చెయ్యకూడదని లచ్చమ్మ వాయిదా వేయించింది. ఆ మాట చెప్పడానికి స్కూటరు మీద వెళ్లిన మొగిలి మొహం వేలాడేసుకుని తిరిగొచ్చాడు. వాళ్లకి పటాన్‌చెరు నుంచి ఇంకో సంబంధం వచ్చిందట, ఎన్నాళ్లని ఆగుతామన్నారట. స్వాతి గదిలోంచి బయటికి రాలేదు. ఆ పిల్లకి అబ్బాయి నచ్చాడు. గోడ ఇవతల ఉదయశ్రీకి ప్రతి మాటా వినిపిస్తోంది.

మధ్యాహ్నం లచ్చమ్మ పెరుగన్నం తెచ్చింది. గిన్నె పెట్టి వెళ్లిపోకుండా కింద కూర్చుంది. ఉదయశ్రీ పాదాల మీద చెయ్యి వేసి, ఉదయశ్రీతో కాదు, ఆవిడలో ఉందనుకున్న తల్లితో మాట్లాడింది.

"అవ్వా, నీకేం తక్కువ జెయ్యలే. నా బిడ్డ సంబంధం తప్పిపోనియ్యకు. నీ చేతులల్లనే ఉన్నది."

ఉదయశ్రీ కాళ్లు వెనక్కి లాక్కుంది. లేచి బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టి ట్యూబు తీసి లచ్చమ్మ ముందు పెట్టింది.

"నన్ను మొక్కకండి లచ్చమ్మ గారూ. ఇది అమ్మవారు కాదండి. ఇది రాసుకున్నానండి."

"ఏందిది?"

"ముడతలు పోయే మందండి."

లచ్చమ్మ నవ్వుతుందని చూసింది. నవ్వితే బాగుండేది. లచ్చమ్మ ట్యూబు అటూ ఇటూ తిప్పి చూసింది.

"నా బిడ్డ ఏడుస్తుంటే ఇనవడ్డదా నీకు?"

"వినపడిందండి."

"ఇనుకుంటనే పండుకున్నవా?"

ఉదయశ్రీ బియ్యం అంటుకున్న చేతులు కొంగుకి తుడుచుకుంటూ నిలబడింది.

లచ్చమ్మ ట్యూబు నడుం దగ్గర దోపుకుని లేచింది. తల్లి దయ చూసి ముందే వెళ్లిపోయిందనీ, శంకర్‌పల్లి వాళ్లని అనుకున్న రోజుకే రమ్మనమనీ వాకిట్లోంచే మొగుడికి వినపడేలా చెప్పింది. మొగిలి చెప్పుల కోసం కూడా చూడకుండా స్కూటరు ఎక్కాడు. తర్వాత లచ్చమ్మ వెనక్కి తిరిగి, గొంతు తగ్గించి, "నువ్వు మాత్రం గుడికి పోయి సాక పొయ్యాలె. తల్లి పేరు వాడుకున్నవు" అంది.

పోచమ్మకి సాక పొయ్యడానికి వేపాకులు వేసిన పసుపునీళ్ల చెంబుతో, కొంగు కప్పుకోకుండా, ఉదయశ్రీ సందు పొడుగునా నడిచింది. ఎవరూ చూడకూడదనుకున్న మొహాన్ని అందరూ గుమ్మాల్లోకి వచ్చి చూశారు. ఆడవాళ్లు దారికడ్డంగా వచ్చి కాళ్లకి మొక్కారు. ఒక ముసలమ్మ జ్వరం తగ్గని మనవణ్ణి తెచ్చి కాళ్ల ముందు పడుకోబెట్టింది. వెనకే నడుస్తున్న లచ్చమ్మ ఒక్క మాట అంటే అయిపోయేది. అనలేదు. ఆ అనకపోవడమే ఉదయశ్రీకి మొహం మంటకన్నా ఎక్కువ మండింది.

ఆదివారం శంకర్‌పల్లి వాళ్లు వచ్చారు, పూలు పండ్లు అయిపోయాయి. లచ్చమ్మ ముత్తైదువులందరి కాళ్లకీ పసుపు రాస్తూ ఉదయశ్రీ దగ్గరికి వచ్చింది. వంగి, పక్కవాళ్లకి వినపడకుండా అంది.

"కాళ్లకే రాస్తున్న. మొహం జోలికి పోనులే."

ఉదయశ్రీ మొహం మానడానికి చాన్నాళ్లు పట్టింది. ముడతలు ఉన్నచోటే ఉన్నాయి. ఇప్పుడు ఆంటీ అని ఎవరడిగినా, నేనే బాబూ చెప్పండి అంటుంది. ట్యూబు లచ్చమ్మ దగ్గరే ఉండిపోయింది. ఏం చేశారండీ దాన్ని అని అడగడానికి ఉదయశ్రీకి ఇవాళ్టి దాకా మొహం చెల్లలేదు.