మనవరాలి దవడ, పెరట్లో కొళాయి

మా మనవరాలికి కింది దవడ బాగా వెనక్కి ఉండేది. పై పళ్లు ముందుకొచ్చి, నిద్రలో కూడా పెదాలు కలిసేవి కావు. బడిలో పిల్లలు ఎలక అంటే ఏడ్చుకుంటా వచ్చేది.

"మీ తాతదీ ఇదే మూతి. నేను పెండ్లి చేసుకోలేదా?" అన్నాను.

"తాత గడ్డం పెంచుకున్నాడు అవ్వా. నేను పెంచుకోలేను కదా!"

ఆ వారమే దాన్ని నగరి నుంచి తిరుపతికి తీసకపోయినాము.

పళ్ల డాక్టరు పైకొకటి, కిందికొకటి గులాబీ రంగు ప్లాస్టిక్ క్లిప్పులు చేయించి ఇచ్చినాడు. అవి పెట్టుకున్నాక కింది దవడ ముందుకు జరిపితేగానీ నోరు మూయను రాదు. "ఎదిగే వయసులోనే దవడ మన మాట వింటుంది. రాత్రీ పగలూ ఉండాలి, తినేటప్పుడు కూడా. కడుక్కోవడానికి మాత్రమే తీయాలి" అన్నాడు. ఇంత చిన్న సామానుకు అంత రేటా అని నేనడగబోతే మా కొడుకు నా కొంగు లాగినాడు.

మళ్లీ చూపించను పోతే దవడ ఉన్నచోటే ఉండాది. "పాప సరిగ్గా పెట్టుకోవడం లేదు" అన్నాడు డాక్టరు. పెట్టుకుంటాండానని ఇది ఒట్టేసింది. మా ఇంట్లోనే మరమగ్గాలు. ఆ మోతలో, ఆ పనిలో ఎవురూ చూడరని క్లిప్పులు తీసి టీవీ మీద, కిటికీలో పెట్టేది. ఒకనాడు నా దేవుడి గూట్లో, కుంకుమ భరిణె పక్కన కనపడినాయి. ఎంగిలి వస్తువు, దేవుడి ముందర!

గూడంతా కడిగి, చట్టం పెట్టినాను. "మే, తీయాలంటే పెరట్లో కొళాయి కాడికి పో. తీసినాక చేతులూ కాళ్లూ సబ్బుతో కడుక్కో. మళ్లీ పెట్టుకున్నాక ఇంకోతూరి కడుక్కో. అందాకా దేన్నీ తాకొద్దు."

"రిమోట్ కూడానా?"

"రిమోటూ, ఫోనూ, నన్నూ."

"చలికి బిడ్డకు జలుబు చేస్తాది అత్తా" అనింది కోడలు.

"తీయకుంటే ఏ జలుబూ రాదు" అన్నాను.

కొన్నాళ్లు పెరట్లోకి తిరిగింది. సీరియల్ నడుమ లేచిపోయి కడుక్కొని రావడం విసుగు పుట్టి, తీయడమే మానేసింది. ఇడ్లీ కూడా క్లిప్పులతోనే నమిలేది. నేను కాపాడుకున్నది నా దేవుడి గూటిని. దవడ సంగతి నా తలలో లేనేలేదు.

మొన్న డాక్టరు మొదట్లో తీసిన పళ్ల అచ్చు తెచ్చి దాని నోటి పక్కన పెట్టి చూపించినాడు. దవడ బాగా ముందుకొచ్చింది. "ఇంట్లో ఎవరో వైద్యం అర్థం చేసుకున్నారు" అని మా కొడుకును మెచ్చుకున్నాడు. వాడు కాదనలేదు.

బయట బెంచీ మీద ఒకామె, "మావాడు క్లిప్పు తీసి పరుపు కింద దాస్తాడమ్మా, మీరేం చేసినారు?" అనడిగింది. కొళాయి సంగతి చెప్పినాను.

"మాది అపార్టుమెంటు. పెరడు లేదే!"

"అయితే కష్టమే" అన్నాను.

మనవరాలు అద్దాల తలుపు ముందర పక్కకు తిరిగి నిలబడి, పెదాలు మూసి, తెరిచి, మళ్లీ మూసి చూసుకుంటా ఉండాది. "పోదాం మా, బస్సు టైమైంది" అన్నాడు మా కొడుకు.

"ఇంకో బస్సు ఉండాదిలే" అన్నాను.