కడిగినా పోలేదు

ఆ ప్రయోగశాలలో ఆయన్ని వెనకాల అందరూ జిగురు మాస్టారనే అంటారు. సిలికాన్ పలకల మీద కర్బన అణువుల్ని అంటించడం ఆయన పని. పలక పైపొరలో ఒక్కో పరమాణువుకీ ఒక చెయ్యి ఖాళీగా మిగులుతుందనీ, సరైన అణువు దొరికితే ఉడుంపట్టు పడుతుందనీ ఇంటికొచ్చిన చుట్టాలక్కూడా వివరించేవాడు. చుట్టాలు మళ్ళీ వచ్చేవాళ్ళు కాదు.

అది నిజంగా పట్టో కాదో తేల్చడం తేలికే. పలకని ద్రావకంలో బాగా కడగాలి. ఊరికే పైన కూర్చున్న అణువులు కొట్టుకుపోతాయి, చెయ్యి కలిపినవి నిలుస్తాయి. మాస్టారి కడుగుడు మాత్రం ఫొటోకి ముందు మొహం తుడుచుకున్నట్టుండేది. ఇంట్లో గ్లాసు మీద చిన్న మరక కనిపిస్తే భార్యతో యుద్ధానికి దిగే మనిషే.

ఇంతలో శాఖాధిపతి పదవి ఖాళీ అయింది. ఆ కుర్చీ మీద మాస్టారికి ఎప్పటినుంచో కన్ను. ఎంపిక చెయ్యడానికొచ్చిన పెద్దాయన మాస్టారి మాటలన్నీ విని, ఇవన్నీ ఎందుకు, నా ఎదురుగా కడిగి చూపించండి అన్నాడు. మాస్టారికి పైప్రాణాలు పైనే పోయాయి. ఆయన దగ్గర పరిశోధన చేసే అమ్మాయి కంగారు కంగారుగా ఒక పలక తెచ్చి, పెద్దాయన చాలనేదాకా కడిగి, ఆరబెట్టి, పైన ఏమేం అంటుకుని ఉన్నాయో చూపించే యంత్రంలో పెట్టింది. తెర మీద కర్బనం గీత నిటారుగా లేచింది. పెద్దాయన చప్పట్లు కొట్టాడు. మాస్టారి కళ్ళు చెమర్చాయి. తను చెప్పినదంతా ఆ క్షణాన తనే నమ్మేశాడు, పాపం.

పెద్దాయన టీ తాగడానికి వెళ్ళాక అమ్మాయి దగ్గరికొచ్చింది.

"సర్, తొందర్లో తప్పు పలక పెట్టాను. దానికి మనం ఏమీ అంటించలేదు. ఉత్త ముక్క."

"మరి ఆ గీత?"

"గాల్లో ఉండే జిడ్డు సర్, అదీ కర్బనమే. కడిగి ఆరబెట్టేలోపే మళ్ళీ చేరుతుంది. దేని మీదైనా చేరుతుంది."

మాస్టారు తలుపు వైపు చూసి, గొంతు తగ్గించి, "ఈ సంగతి మర్చిపో," అన్నాడు.

"సరే సర్. ఇన్నేళ్ళలో మీరెప్పుడైనా ఉత్త ముక్క పెట్టి చూశారా?"

చూడలేదు. చూస్తే ఏం కనిపిస్తుందో ఆయనకి మొదట్నుంచీ అనుమానమే, అందుకే చూడలేదు. పెద్దాయనకి టీ సరిపోయిందో లేదో కనుక్కోవాలని గబగబా వెళ్ళిపోయాడు.

కుర్చీ ఆయనకే దక్కింది. అందులో కూర్చుని ఆయన పెట్టిన మొదటి సంతకం ఆ అమ్మాయిని వేరే శాఖకి పంపించే కాగితం మీద.