పల్లీలు పడని పాపతో బోధన్ బెల్లం బట్టీకి

మా సహస్రకు నాలుగేళ్లు. పల్లీలు పడవు. పడవంటే అరగకపోవడం ఒక్కటే కాదు. పల్లీ పొడి వేసిన కూరలో పెట్టిన గరిటె దాని పప్పులో పడినా చాలు, మూతి చుట్టూ దద్దుర్లు, వెంటనే వాంతులు, ఆపైన రెండు రోజులు విరేచనాలు. మా నిజామాబాద్ వైపు పల్లీలు లేని వంట దొరకడం ఎంత కష్టమో ఇలాంటి పిల్లలున్న తల్లులకు వేరే చెప్పక్కర్లేదు. పచ్చడిలో అవే, వంకాయలో అవే, దుకాణంలో పిల్లలు చేయి చాపే మిఠాయిల్లో అవే. ఎవరింటికైనా పుట్టినరోజుకు వెళ్తే పిల్లలందరూ ఒకచోట, నా బిడ్డ నా ఒడిలో. బయట దొరికే తీపి వస్తువు, ఒక్కటంటే ఒక్కటి, భయం లేకుండా దాని చేతిలో పెట్టాలని నాకు పిచ్చి పట్టింది.

బెల్లమైతే ఏమవుతుందిలే అని మా ధర్పల్లి దుకాణంలో ముక్క కొనిపెడితే దానికీ దద్దుర్లు వచ్చాయి. పల్లీలు తూచిన తక్కెడలోనే బెల్లమూ తూచావని ఆ దుకాణదారుణ్ని నలుగురి ముందూ కడిగేశాను. తక్కెడ, గోనెసంచి తగలని బెల్లం కావాలంటే వండే చోటికే పోవాలని తీర్మానించుకున్నాను. డాక్టర్ను ఒక్క మాట అడగాలని తోచలేదు. అంత తెలివి నాది.

ఫిబ్రవరిలో ఒక మంగళవారం ఉదయం ఏడున్నరకు ధర్పల్లిలో బస్సెక్కాం. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకు టికెట్ లేదు, నాలుగేళ్ల పిల్లకు ఎలాగూ లేదు. నిజామాబాద్ చేరడానికి గంటకు పైగా పట్టింది. బోధన్ బస్సుల కోసం అక్కడ ఎక్కువసేపు నిలబడక్కర్లేదు, ఇంకో ముప్పావుగంట ప్రయాణం. బోధన్ బస్టాండ్ దగ్గర బట్టీకి రానూపోనూ మూడు వందలకు ఆటో మాట్లాడుకున్నాను. దారి పొడుగునా వరి పొలాలు, మధ్యమధ్యలో చెరుకు. “సక్కెర ఫ్యాక్టరీ నడిచినప్పుడు గీ రోడ్డంత సెరుకు బండ్లేనక్కా. గిప్పుడు బెల్లం వండెటోళ్లు ఏడనో ఒక్కరు,” అన్నాడు డ్రైవర్. సహస్ర అతన్ని బెల్లం ఎంత పెద్దగా ఉంటుందని మూడుసార్లు అడిగింది.

పదింబావుకు బట్టీ దగ్గర దిగాం. మేము వెళ్లేసరికి పెద్ద పెనంలో రసం పొంగులన్నీ అయిపోయి చిక్కబడింది. పాకం చూసే మల్లయ్య యాభై ఏళ్ల మనిషి, చేతిలో పొడుగాటి తెడ్డు. నేను పోలీసులా చుట్టూ తిరిగాను. తట్టలు చూశాను, అచ్చులు చూశాను, ఆయన చేతులు కడిగించాను.

“అన్నా, నా బిడ్డకు పల్లీలు తగిలితే పానం మీదికొస్తది. గిండ్ల ఏం కలుపుతరో నిజం చెప్పు.”

“ఏం కలుపుతమక్కా? మందు లేదు, సోడా లేదు. సెరుకు రసం దప్ప ఇంకోటి లేదు. పల్లీలు గీడికి ఏడికెల్లొస్తయ్?”

ఆయన చెరుకు ఆకు మీద వేడివేడి ముక్క పెట్టి ఇచ్చాడు. నేనే ఊది ఊది తినిపించాను. సహస్ర కళ్లు మూసుకుని నమిలింది. “అమ్మా, ఇంకింత!” అంది. బయటి తిండి కోసం నా బిడ్డ ‘ఇంకింత’ అనడం నేను మొదటిసారి విన్నాను. ఇంకింత పెట్టాను.

పది నిమిషాలు కూడా కాలేదు. మెడ గోక్కుంది. పెదవులు ఉబ్బాయి. తిన్నదంతా కక్కుకుని పొడిదగ్గు మొదలుపెట్టింది. సంచిలోని అలర్జీ సిరప్ తాగిస్తే అదీ కక్కేసింది. ఏం వేశావని నేను మల్లయ్య మీద అరిచాను.

“నీకు దండం వెడ్త అక్కా, ఏం కలుపలే,” అన్నాడు. “పొంగొచ్చినప్పుడు గింత పల్లి నూనె ఏస్తం, గంతే. గది ఏయకుంటె రసమంత పొయ్యిల వడ్తది. మా బాపు కాలం నుంచి గట్లనే.”

ఆయన అబద్ధం చెప్పలేదు. పొంగు అణచడానికి వేసే గరిటెడు నూనె కలపడం కిందికి వస్తుందని ఆయనకు ఏనాడూ తట్టలేదు. గానుగలో పట్టించిన నూనె అది, పల్లీ సారమంతా అందులోనే. దుకాణం బెల్లం విషయంలోనూ తక్కెడ తప్పేమీ లేకపోవచ్చునని అప్పుడు తెలిసింది.

“కూసో అక్కా, పాపను పిలుస్తనే ఉండు,” అంటూ డ్రైవర్ అప్పటికే ఆటో తిప్పేశాడు. ఆ దారి ఎంతసేపు పట్టిందో నేను చెప్పలేను. గాలి పీల్చినప్పుడల్లా దాని గొంతులో ఈల మోగింది. బోధన్ ఆస్పత్రిలో చూడగానే తొడకు సూది వేశారు, ఆక్సిజన్ పెట్టారు. ఊపిరి సర్దుకున్నాక డాక్టరమ్మ నాతో అంది: “సిరప్ దద్దుర్లకే పనికొస్తుంది. ఊపిరి అందనప్పుడు దాన్ని నమ్ముకుని కూర్చోకూడదు. తగ్గినట్టే తగ్గి మళ్లీ రావచ్చు, సాయంత్రం దాకా ఇక్కడే ఉండండి.” ఐదింటికి పంపించారు.

తిరుగు బస్సులో నాకు ఏడుపు కూడా రాలేదు. ఇంత అడిగి, ఇంత వెతికి, చివరికి నా చేత్తోనే విషం పెట్టాను. రేపు బడి, ఎల్లుండి స్నేహితురాళ్ల ఇళ్లు, ఆ తర్వాత హాస్టలు. ఎన్ని చోట్ల ఎంతమందిని అడగగలను? ఎంత అడిగినా, వాళ్లు చెప్పాలని కూడా అనుకోని గరిటెడు ఎక్కడో ఒకచోట ఉంటుంది. దీనికి దారి నాకు తోచడం లేదు. ధైర్యం చెప్పి ముగించాలని ఉంది కానీ, నా దగ్గర లేనిది మీకెలా ఇస్తాను?

పిల్లల్ని తీసుకుని ప్రయాణం పెట్టుకునేవాళ్లకు ఒక్క మాట. ‘ఇందులో ఏం కలుపుతారు’ అని నాలా అడగకండి. పొయ్యి వెలిగించింది మొదలు తీసి చేతిలో పెట్టేదాకా ఏమేం పోస్తారో, ఏమేం రాస్తారో వరసగా చెప్పించుకోండి. ఆ పక్కనున్న నూనె డబ్బా చూపించమనండి. మర్నాడు పొద్దున నేను పప్పన్నం కలిపి ముద్ద ఎత్తితే, సహస్ర నా చేయి పట్టుకుని ఆపింది. “అమ్మా, గిండ్ల నూనె వోసినవా?” అని అడిగింది. తాలింపులో పొద్దుతిరుగుడు నూనె పోశాను. అబద్ధం చెప్పలేక, పోశానన్నాను. నా బిడ్డ నా వైపు చూస్తూనే పెదవులు గట్టిగా మూసుకుంది.